గోడవైపు తిప్పిన వాక్యం

పెద్దమ్మ చెప్పులు విప్పుతూనే చూసేసింది. మా వంటింటి గుమ్మం పక్కన మేకుకి ఎర్ర రిబ్బనుతో ఒక చిన్న అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. దాని ముఖం గోడవైపు, తెల్లటి వీపు మా వైపు. గాజువాక నుంచి రెండు బస్సులు మారి వచ్చిన మనిషి, ఒక చేతిలో కుంకుడుకాయల పొట్లం, ఇంకో చేతిలో ఎండుచేపల సంచీ అలాగే పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏటే రూతూ, వాక్యాన్ని గోడేపు తిప్పీసినావేటి?"

"గాలికి తిరిగిపోయింది పెద్దమ్మా."

"ఫేను తిరగతన్నాదా? నేదు. కిటికీ ఏసుంది. మరే గాలే అది?"

నేను సంచీ అందుకుని లోపలికి వెళ్ళిపోయాను. పెద్దమ్మ మా అమ్మకి అక్క. వన్ టౌన్‌లో అమ్మమ్మ ఇంట్లో నన్ను సగం పెంచింది ఆవిడే. నా అబద్ధాలు ఆవిడ దగ్గర ఎప్పుడూ నిలబడలేదు.

మా సంఘాల్లో వాగ్దానం తియ్యడం అని ఒకటుంది. కొత్త సంవత్సరం మొదటి ఆరాధన ముగిశాక పాస్టరు అయ్యగారు వెడల్పాటి పళ్ళెంలో చిన్న చిన్న కార్డులు బోర్లించి పట్టుకుంటారు. ఒక్కో కార్డు మీద బైబిల్లోంచి ఒక్కో వాక్యం. ఇంటిల్లిపాదీ వరసగా వెళ్ళి తలా ఒకటి తీసుకుంటారు. ఆ ఏడాదికి దేవుడు నీకిచ్చిన మాట అది. కొందరు బీరువా తలుపుకి అతికించుకుంటారు, కొందరు పర్సులో పెట్టుకుంటారు, ఆటో నడిపేవాళ్ళు అద్దానికి కట్టుకుంటారు. ఈ ఏడు మా కెజియా తన కార్డు తనే తీస్తానని పేచీ పెట్టింది. నాలుగేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న ఎత్తుకుంటే పళ్ళెం మీదికి వంగి, పైనున్నవన్నీ చెదరగొట్టి, అడుగునున్నది లాగింది. చదవడం రాదు కనక తెచ్చి గర్వంగా నా చేతిలో పెట్టింది. నీళ్ళలోంచి నువ్వు దాటి వెళ్ళేటప్పుడు, అని మొదలైంది ఆ వాక్యం. నా చూపు అక్కడే ఆగిపోయింది. వెనకనున్నావిడ "పాపకి ఏటొచ్చిందమ్మా?" అని అడిగితే కార్డు మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టేశాను.

ఆ రోజు నుంచి నాకు నీళ్ళంటే భయం పట్టుకుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళో ఈ భయంతో బతకడం ఎలాగో చెప్పలేను. ఆదివారం సాయంత్రాలు బీచ్‌కి వెళ్ళడం మానేశాం. బడివాళ్ళు పిల్లల్ని హార్బర్‌లో పడవ ఎక్కిస్తామంటే జ్వరమని చెప్పి మాన్పించాను. స్నానాల గదిలో బకెట్ల మీద మూతలు పెట్టాను. పిల్ల ఆడుకునే ప్లాస్టిక్ టబ్బు వాచ్‌మన్ భార్యకి ఇచ్చేశాను. మా ఆయన అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ ఉద్యోగి, షిఫ్టు బస్సుకి పరిగెత్తుతూనే ఒకరోజు అన్నారు, "అది దేవుడిచ్చిన మాట రూతూ. దాన్ని పట్టుకుని నువ్వు పిల్లని భయపెడుతున్నావు." "నేనేం చెప్పానండీ దానికి? ఒక్క మాట కూడా చెప్పలేదు" అన్నాను. నిజమే, చెప్పలేదు. కానీ అది బకెట్ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా నేను వేసిన కేకలు ఉన్నాయి కదా. పిల్లలకి వాక్యాలు చదవడం రాకపోయినా అమ్మ మొహం చదవడం వచ్చు. క్రమంగా కెజియా తల మీద నీళ్ళు పోస్తే గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది. ఒళ్ళు తడిగుడ్డతో తుడిచి సరిపెట్టుకోవాల్సి వచ్చింది. సీతమ్మధారలో పిల్లల డాక్టరుకి చూపిస్తే ఆయన పిల్లని చూసి, నన్ను చూసి, "పాపకి ఏమీ లేదమ్మా. మీరు సరిగ్గా నిద్రపోతున్నారా?" అన్నారు. నాకు కోపం వచ్చింది. నేను పడుకుంటే దాని ఊపిరి ఎవరు వింటారు?

ఇదంతా ఇప్పుడు అది నిద్రపోయాక కూర్చుని రాస్తున్నాను. మధ్యలో లేచి ఒకసారి చూసి వచ్చాను కూడా.

పెద్దమ్మ కాఫీ తాగి కెజియాని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ విప్పబోయింది. "తలేటే ఇలగుంది, కాకిగూడులాగ? తలంటి ఎన్నాళ్ళయ్యిందే?" అంది. తలంటు అన్న మాట వినగానే పిల్ల జారిపోయి డైనింగ్ టేబుల్ కిందికి దూరింది. "నీళ్ళు వద్దు. నీళ్ళు నన్ను తీసుకెళ్ళిపోతాయి" అంది. అంత స్పష్టంగా అది అనడం నేను వినడం అదే మొదటిసారి. పెద్దమ్మ నావైపు చూసింది. తర్వాత లేచి వెళ్ళి మేకుకున్న కార్డు ఇటు తిప్పింది. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కార్డుని ముక్కుకి దగ్గరగా పెట్టుకుని చదివింది. చదివి నవ్వింది.

"ఓలమ్మా! ఇది మీ తాత వాక్యమే!"

నాకు ఒక్కసారిగా కుంకుడు రసం వాసన వచ్చింది. పొట్లం పక్కనే ఉంది కాబట్టి వచ్చిందో, వన్ టౌన్ ఇంటి నుంచి వచ్చిందో తెలియదు.

ఆ ఇల్లు పోర్టుకి దగ్గర్లో, రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్ళాల్సినంత ఇరుకు సందులో ఉండేది. ముందు వైపు హోల్‌సేల్ కొట్ల మిరపకాయల ఘాటు, గోనెసంచుల వాసన. పెరటి వైపు సముద్రం గాలి, ఆ గాలితో వచ్చే బొగ్గు దుమ్ము. ఉతికి ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిద రంగులోకి వచ్చేది. అమ్మమ్మ దాన్ని దులుపుతూ "మనకి దేవుడు రంగులద్దుతన్నాడర్రా" అనేది. అమ్మ ఆస్పత్రిలో నర్సు, డ్యూటీలు మారుతూ ఉండేవి, అందుకని నేను అక్కడే ఉండేదాన్ని. తెల్లవారకముందే ఇంట్లో కుటుంబ ప్రార్థన. అమ్మమ్మ ఒక చెయ్యి బైబిల్ మీద, ఇంకో చెయ్యి పాల గిన్నె వైపు. పాలు పొంగు మీదికి వస్తే ఆమేన్ కూడా తొందరగా వచ్చేది. వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక గుప్పెడు తీసి పక్కనున్న డబ్బాలో వేసేది, అది ఆదివారం గుడికి వెళ్ళే బియ్యం. ఆ గుప్పెడు వెయ్యకుండా అన్నం వండిన రోజు నేనెరగను. ఎసరు మరుగుతున్నా, వాకిట్లో చుట్టాలు నిలబడి ఉన్నా, ముందు ఆ గుప్పెడు పడాల్సిందే.

అన్నిటికన్నా నాకు గుర్తున్నది శనివారం తలంట్లు. మర్నాడు గుడికి వెళ్ళాలి కనక శనివారం మధ్యాహ్నం పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాగేవి. అమ్మమ్మ చీర మోకాళ్ళ దాకా ఎగగట్టి, చిన్న పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకునేది. నేను, పెద్దమ్మ కొడుకు బాబ్జీ, పక్క వాటా పిల్లలు. మొదటి చెంబుకి మా తలల్లోంచి నల్లటి నీళ్ళు కారేవి. ఆదివారం బడికి అప్పజెప్పవలసిన వాక్యం ఆ తలంటు దగ్గరే నేర్చుకోవాలి. అమ్మమ్మ ఒక మాట చెప్తుంది, మనం అనాలి, అంటే చెంబు నీళ్ళు. తర్వాత మాట, మళ్ళీ చెంబు. మాట మర్చిపోతే నీళ్ళు లేవు. కళ్ళలో కుంకుడు రసం మండిపోతూ ఉంటుంది, చెంబు గాల్లో ఆగి ఉంటుంది. బాబ్జీ ఎప్పుడూ మధ్యలోనే ఇరుక్కునేవాడు.

"అమ్మమ్మా, కల్లు మండిపోతన్నాయే, నీల్లొయ్యే!"

"మాట సెప్పు, పోత్తాను."

"మాట నీకు తెలుసు గదే! నువ్వే సెప్పుకుని పోసీయే!"

"నాకు తెలుసు కాబట్టే నా కల్లు మండటం నేదురా నాయినా."

పొయ్యి దగ్గర పెద్దమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది. నేను ఇప్పటికీ ఏదైనా వాక్యం గుర్తు తెచ్చుకుంటే అది పేజీలా కనబడదు, చెంబు చెంబుగా తల మీద పడుతుంది.

తాతయ్య పోర్టులో టగ్గు మీద సరంగు. పెద్ద పెద్ద ఓడల్ని ముందుండి లాక్కుని రేవులోకి తెచ్చే చిన్న పడవ అది, దాన్ని నడిపే మనిషి ఆయన. మాట తక్కువ, ఛాతీ ఎక్కువ. ఇంటికొచ్చినా ఆయన చుట్టూ డీజిల్, ఉప్పు కలిసిన వాసన ఒకటి తిరుగుతూ ఉండేది. ఒక కొత్త సంవత్సరం ఆయనకి ఈ వాక్యమే వచ్చింది. నీళ్ళ మీద బతికే మనిషికి నీళ్ళ వాక్యం. నేను చిన్నదాన్ని, కానీ గుడి మెట్ల దగ్గర ఆడవాళ్ళ మొహాలు మారడం గుర్తుంది. మంచి వాక్యం రాకపోతే మెల్లగా దాన్ని పళ్ళెంలోకి జార్చి ఇంకోటి తీసుకునేవాళ్ళు కొందరు ఉంటారు, అందరికీ తెలిసిన గుట్టే. పెద్దమ్మ అప్పటికే భర్త పోయి, బాబ్జీని చంకనేసుకుని పుట్టింటికి వచ్చిన మనిషి. ఇంటికొచ్చాక తండ్రి చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

"నాన్నా, అయ్యగారి దగ్గరికెల్లి మార్చీసుకో. నీ కాల్లట్టుకుంటాను."

తాతయ్య లుంగీ కట్టుకుంటూ అన్నాడు, "నా ఉద్యోగమే నీల్లలో కదే. నాకు నీల్ల వాక్యం కాక కొండెక్కే వాక్యం ఇత్తారేటి?"

సరిగ్గా అప్పుడే పక్కింటి ఆదిలక్ష్మి గారు అరిసెల పళ్ళెం తిరిగివ్వడానికి వచ్చింది. మంచి మనిషి, మా పండక్కి మా ఇంట్లో, వాళ్ళ పండక్కి వాళ్ళింట్లో తినేవాళ్ళం. "ఏటమ్మా ఏడుత్తన్నారు? ఓ, మీ కార్డులు తీసినారేటి? మా ఉగాది పంచాంగంలాటిదే కదా అది. మాకూ ఈ యేడు ఏలినాటి శనని సెప్పేడు పంతులు" అంది సానుభూతిగా. అమ్మమ్మ మొహం ఎర్రబడింది. ఆవిడ వెళ్ళాక పెద్దమ్మ వైపు తిరిగింది.

"ఇన్నావా? ఆవిడ తప్పేటీ నేదు. నువ్వు ఏడిసిన ఏడుపు సూసి అలగనుకుంది. జాతకాలు మనకొద్దనుకుని వొచ్చీసి, వాక్యాన్ని జాతకం సేసీసుకున్నాం. దేవుడేటి సోదె సెప్తాడేటే? ఆయన మాటిచ్చేడు. మాటిచ్చినోడి మొహం సూడాల గాని, ఏ ఊసు మీద ఇచ్చేడో సూసి ఏడుత్తారా?"

ఆ ఏడాదంతా పెద్దమ్మ తాతయ్య వచ్చే వేళకి సందు మొగలో నిలబడేది. ఒక తుఫాను రోజు మాత్రం ఆయన చీకటి పడ్డా రాలేదు. వచ్చాక తల తుడుచుకుంటూ "ఓడ మొరాయించింది" అన్నాడు, చేపల పులుసు వేసుకుని తిన్నాడు, పడుకున్నాడు. అంతే. ఏమీ జరగలేదు. ఆ మరుసటి ఏడు ఆయనకి దీర్ఘాయువు ఇస్తాననే వాక్యం వచ్చింది. పెద్దమ్మ ఆనందం పట్టలేక సేమ్యా పాయసం వండి సందంతా పంచింది. ఆ ఏడే తాతయ్య ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, అరుగు మీద కూర్చుని, కాఫీ అడిగి, కాఫీ వచ్చేలోపు పోయాడు.

సమాధి దగ్గర నుంచి వచ్చాక ఎవరో బంధువు అన్నాడు, వాక్యం తప్పిపోయింది కదమ్మా అని. అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. "మనిసి ఎల్లిపోయేడు. వాక్యం అక్కడే ఉంది. రెండిటినీ కలపకండి" అంది. ఆ శనివారం కూడా నీళ్ళు కాచింది. కాళ్ళు చాపుకుని కూర్చుని, ఎర్రటి కళ్ళతో, మాకు మాట మాటా చెప్పింది. ఆవిడ గొంతు మధ్యమధ్యలో ఆగినప్పుడు ఏడుస్తోందో, మేము మాట అప్పజెప్పేదాకా ఆగిందో మాకు తెలిసేది కాదు. తల మీద నీళ్ళు పడుతుంటే మేం ఏడ్చినా ఎవరికీ తెలిసేది కాదు.

ఇప్పుడు ఆ ఇంటి స్థానంలో ఏదో గోడౌన్ ఉందట. నా ఫోనుకి మాత్రం రోజూ పొద్దున్నే గులాబీల బొమ్మ మీద ఒక వాక్యం వస్తుంది. సంఘం గ్రూపులో ఒకటి, కాలేజీ స్నేహితురాళ్ళ గ్రూపులో ఒకటి, అత్తగారి నుంచి ఇంకోటి. చేతులు జోడించిన బొమ్మ పెట్టి కిందికి జరిపేస్తాను. ఇంట్లో జ్వరం చూసే యంత్రం ఉంది, వేలికి తగిలించి ఊపిరి కొలిచేది ఉంది. పిల్ల తుమ్మితే ఎందుకు తుమ్మిందో చెప్పడానికి ఫోన్లో వందమంది ఉన్నారు. అమ్మమ్మకి ఇవేవీ లేవు. కన్న ఐదుగురిలో ఇద్దరిని పసితనంలోనే పోగొట్టుకుంది, భర్తని అరుగు మీద పోగొట్టుకుంది. అయినా ఆవిడ భయపడుతూ పడుకున్నట్టు నాకు గుర్తులేదు. భయం ఉండే ఉంటుంది. పిల్లల తలల మీద పోసే నీళ్ళల్లో మాత్రం దాన్ని కలవనివ్వలేదు. నాకు అంత విశ్వాసం లేదు. విశ్వాసం ఉందనుకుని చదువుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను. పిల్ల పుట్టాక తెలిసింది, నాకున్నది ఎక్కువగా జాగ్రత్త మాత్రమేనని.

"కార్డు మార్చీమని మీ తాత కాల్లట్టుకుని ఏడిసినదాన్ని నానేనే" అంది పెద్దమ్మ, టేబుల్ మీద కుంకుడుకాయలు చితక్కొడుతూ. "నీకేటి సెప్తాను? నీ పిచ్చి నాకు తెలిసిందే. లే, నీల్లెట్టు."

"అది చేయించుకోదు పెద్దమ్మా. ఏడ్చి ఏడ్చి దానికి ఊపిరాడదు."

పెద్దమ్మ టేబుల్ కిందికి వంగింది. "ఓలే గుంటా, నీకో సంగతి సెప్పనా? మా ఇంట్లో నీల్లు మనం సెప్పినట్టు ఇంటాయి. మనం మాట సెప్తేనే పడతాయి. సెప్పకపోతే సెంబులో అలగే నిలబడిపోతాయి."

"నేను చెప్తేనా?" అంది కింద నుంచి గొంతు.

"నువ్వు సెప్తేనే."

"ఏ మాట?"

"నీ ఇష్టం."

"నా కార్డుది" అంది కెజియా.

పెద్దమ్మకి మోకాళ్ళు వంగవు, అందుకని స్నానాల గది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. చిన్న పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నది నేను. కెజియా నా కాళ్ళ మధ్య బిగుసుకుపోయి కూర్చుంది, దాని వీపు మీద ఎముకలు నా పొట్టకి తెలుస్తున్నాయి. వేడినీళ్ళు, చన్నీళ్ళు కలిపాను. మోచేత్తో చూశాను, మళ్ళీ చూశాను. "సాల్లేయే, ముట్టుకుని ముట్టుకుని సల్లారిపోతన్నాయి" అంది పెద్దమ్మ. నేను మొదటి మాట చెప్పాను, నీళ్ళలోంచి నువ్వు దాటి వెళ్ళేటప్పుడు. కెజియా నెమ్మదిగా, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ అంది. నేను చెంబు వంచాను. అది భుజాలు ఎగరేసి, ఊపిరి బిగబట్టి, వదిలింది. ఏడవలేదు. వెనక్కి తిరిగి చూసింది. తను చెప్పింది కాబట్టే నీళ్ళు పడ్డాయని దానికి నమ్మకం కుదిరింది. కుంకుడు రసం పోసి రుద్దాను. నురుగు కళ్ళలోకి జారింది.

"మమ్మీ, మండుతోంది. తర్వాత మాట చెప్పు."

నాకు తర్వాత మాట రాలేదు.

నాకు తెలియదు కాబట్టి రాలేదు. చిన్నప్పుడు ఎన్ని వాక్యాలు నేర్చుకున్నానో, ఇది వాటిలో లేదు. కొత్త సంవత్సరం రోజు నుంచి ఈ కార్డు మా ఇంట్లో ఉంది, దాన్ని నేను మేకుకి తగిలించాను, తిప్పాను, దాని పక్కనుంచి రోజూ నడిచాను. నీళ్ళు అన్న మాట దాటి ఒక్కసారి కూడా చదవలేదు.

"మమ్మీ! కళ్ళు!"

పెద్దమ్మకి తెలుసు. ఆవిడ తండ్రి వాక్యం అది. అయినా చెప్పలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తూ కూర్చుంది. నేను లేచి, కుర్చీ పక్కనుంచి ఒత్తిగిలి దూరి, తడి పాదాలతో జారుతూ వంటింటి దాకా వెళ్ళి రిబ్బను తెంపి కార్డు తెచ్చాను. నా చేతి తడికి అట్ట మెత్తబడింది. నేను నీకు తోడుగా ఉంటాను, అని ఉంది. నీళ్ళు అన్న మాటకి ఆనుకునే ఉంది, అదే వరసలో.

చదివాను. కెజియా కళ్ళు గట్టిగా మూసుకుని గది మారుమోగేలా అరిచింది, నేను నీకు తోడుగా ఉంటాను అని, అది తనే ఎవరికో మాటిస్తున్నట్టు. నీళ్ళు పోశాను. ఆ తర్వాత వాక్యంలో నదులున్నాయి. ఆ తర్వాత, నేను ఊహించనే లేదు, నిప్పు కూడా ఉంది. నిప్పు దగ్గర చెంబు ఇటు ఒరిగి సగం నీళ్ళు నా మీదే పడ్డాయి. పెద్దమ్మ కిసుక్కున నవ్వింది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. కెజియాకి నదులూ తెలియవు, నిప్పూ తెలియదు. మాటకో చెంబు, అంతే దానికి తెలిసింది. వాక్యం అయిపోయింది. కార్డు బోర్లించి చూశాను, వెనకాల తెల్లగా ఉంది.

అది జుట్టు మొహమ్మీంచి తోసుకుని బకెట్లోకి తొంగి చూసింది. నేను ఆపలేదు.

"ఇంకా నీళ్ళున్నాయి మమ్మీ" అంది. "మాటలు అయిపోయాయా?"